అనంతపురం టౌన్‌లో బండ్ల పొగ లెక్క: రిజిస్ట్రేషన్ సంఖ్య తీసుకుంటే సరిపోతుందా?

క్లాక్‌టవర్ (అనంతపురం)

అందరికీ నమస్తే. ఎంటెక్ ప్రాజెక్టు కోసం అనంతపురం టౌన్‌లో తిరిగే వాహనాల వల్ల రోజుకు ఎన్ని కిలోల నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు), కార్బన్ మోనాక్సైడ్, పీఎం 10 (10 మైక్రాన్ల లోపు సన్న కణాలు) గాల్లో కలుస్తున్నాయో అంచనా కట్టాలి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో మన రాష్ట్రం ఊళ్లు 13 ఉన్నాయి. వాటిలో అనంతపురం, కర్నూలు, కడప మూడూ ఉన్నాయి. "పెద్ద నగరాల మీద అందరూ చేశారు, నువ్వు ఇక్కడే చెయ్" అన్నారు మా గైడ్.

నా ప్లాన్ ఇది. వాహన్ పోర్టల్‌లో (రిజిస్ట్రేషన్ల ప్రభుత్వ వెబ్‌సైట్) ఉన్న బండ్ల సంఖ్యను, ఒక్కో బండి రోజుకు తిరిగే కిలోమీటర్లతో, కిలోమీటరుకు వచ్చే గ్రాములతో (ఎమిషన్ ఫ్యాక్టర్) గుణించడం. ఫ్యాక్టర్లు పుణెలోని ఏఆర్‌ఏఐ (వాహన పరిశోధన సంస్థ) వాళ్లవి తీసుకుంటాను. కిలోమీటర్లు ఢిల్లీ పేపర్లలో దొరికాయి. కానీ వచ్చే అంకె చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు. ఎక్కడ సరిచేయాలి?

నల్లరేగడి (కర్నూలు)

ఫార్ములా సరైనదే తమ్ముడూ, దేశమంతా అదే. ఇబ్బంది మొదటి అంకెతో.

బైకో కారో కొన్న రోజే జీవితకాల పన్ను కట్టేస్తాం. ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆ బండి రవాణా ఆఫీసు గడప తొక్కాల్సిన పని దాదాపు ఉండదు. ఈలోగా అది గుజిరీకి పోయిందో, ఇంటి వెనక రేకుల షెడ్డులో తుప్పు పడుతోందో, బెంగళూరులో చదివే అబ్బాయి దగ్గర తిరుగుతోందో ఆఫీసుకు ఎలా తెలుస్తుంది? జాబితాలో అది బతికే ఉంటుంది. లారీలు, బస్సుల్లాంటి వాటికి ఫిట్‌నెస్ ఉంటుంది, పన్ను మళ్లీ మళ్లీ కట్టాలి కాబట్టి ఆ సంఖ్యను కొంత నమ్మొచ్చు. టూవీలర్ల సంఖ్య అలాగే వాడితే మాత్రం లెక్క ఉబ్బిపోతుంది.

దీనికి సర్వైవల్ ఫంక్షన్ అని ఒకటి వాడతారు. ఎన్నేళ్ల బండ్లలో ఎంత శాతం ఇంకా రోడ్డు మీద ఉన్నాయో చెప్పే వంపు. అది కూడా వేరే ఊరిది తెచ్చి పెడితే ఒక తప్పు తీసి ఇంకో తప్పు పెట్టినట్టే. నీది చిన్న ఊరు, రోడ్లూ తక్కువే. రోడ్డు వైపు నుంచి లెక్క కట్టు. ఒక రోడ్డు ముక్క మీద 24 గంటల్లో పోయిన బండ్లను ఆ ముక్క పొడవుతో గుణిస్తే నేరుగా వాహన కిలోమీటర్లు వస్తాయి. బండి ఎక్కడ రిజిస్టరైతే మనకేం?

తాడిపత్రి లారీ

మేడం చెప్పింది కరెక్టు. నంబరు చూసి ఊరు కనుక్కునే రోజులు కూడా పోయినాయి. ముందు ఏపీ 02 అంటే అనంతపురం, 04 కడప, 21 కర్నూలు. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 ఇచ్చినారు. కొత్త బండి ఏ జిల్లాదో ప్లేటు చూసి నువ్వు చెప్పలేవు.

నా బండ్లు తాడిపత్రి నుంచి బండలు ఎత్తుకొని బెంగళూరు, చెన్నై పోతాయి. జిల్లాలో ఉండేది లోడింగ్ రోజు మాత్రమే. నీ లెక్కలో అవి దినమూ అనంతపురంలో పొగ వదిలినట్టు వస్తాయి. అదే 44వ నంబరు హైవే మీద హర్యానా, రాజస్థాన్, తమిళనాడు, నాగాలాండ్ నంబర్లు రాత్రంతా పోతుంటాయి. అవి నీ లెక్కలో లేనేలేవు.

క్లాక్‌టవర్

అన్నా, హైవే బండ్లకు టోల్ గేటు లెక్క అడిగితే? మాకు మరూరు, గుత్తి దగ్గర కాసేపల్లి రెండూ ఉన్నాయి. ఫాస్టాగ్ వచ్చాక అన్నీ కంప్యూటర్‌లోనే ఉంటాయి కదా.

నల్లరేగడి

లారీలకు, కార్లకు, బస్సులకు పనికొస్తుంది. బైకులకు, ఆటోలకు, ట్రాక్టర్లకు టోల్ లేదు కాబట్టి అవి అందులో ఉండవు. ఇంకో సంగతి, టోల్ దాటిన లారీ టౌన్‌లోకి రాదు, బైపాస్ మీదుగా పోతుంది. అందుకే మొదట గీత గియ్యి: బైపాస్ నీ లెక్కలో ఉందా లేదా? రెండూ తప్పు కాదు. కానీ ఏది ఎంచుకున్నావో రిపోర్టు మొదటి పేజీలోనే రాయాలి. ఒకరు బైపాస్ కలిపి, ఇంకొకరు తీసేసి లెక్కలు కట్టి, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి "పొగ తగ్గింది" అని రాసిన రిపోర్టులు నేను చదివాను.

ఏడురోడ్లు (కడప)

రోడ్లు భవనాల శాఖ దగ్గర ట్రాఫిక్ లెక్కలు ఉంటాయి, అడిగితే ఇస్తారు. కడపలో మా ఫ్రెండు ఒకడు తెచ్చుకున్నాడు. రోజుకు ఇన్ని వేల పీసీయూలు (ప్యాసింజర్ కార్ యూనిట్లు) అని వచ్చింది. దాన్నే వాడొచ్చు కదా, మళ్లీ ఎండలో నిలబడి లెక్కపెట్టడం ఎందుకు?

నల్లరేగడి

పీసీయూ మాత్రం వద్దు. అది బండి రోడ్డు మీద ఎంత చోటు తింటుందో చెప్పే కొలత, రోడ్డు వెడల్పు చేయాలా వద్దా అని తేల్చడానికి పెట్టినది. బైకుకు సుమారు అర, లారీకి మూడు అటూఇటూ వేసి మొత్తం కూడతారు. ఒకసారి కూడాక వెయ్యి పీసీయూల్లో లారీలెన్నో బైకులెన్నో విడదీయలేవు. విడివిడిగా లెక్కపెట్టిన అసలు షీట్లు ఇస్తే తీసుకో, మొత్తం ఒక్కటే ఇస్తే వదిలెయ్.

విడదీయడం ఎందుకో ఒక ఊహా లెక్క చూపిస్తా. ఇవి కొలిచిన అంకెలు కావు. 2 కిలోమీటర్ల రోడ్డు, రోజుకు 10,000 బైకులు, 500 లారీలు అనుకుందాం. బైకులవి 20,000 కిలోమీటర్లు, లారీలవి 1,000.

బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండ్ల పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణాలు. బీఎస్-6 బైకు నాక్స్ పరిమితి కిలోమీటరుకు 60 మిల్లీగ్రాములు. అన్నీ సరిగ్గా పరిమితి దగ్గరే ఉన్నాయనుకుంటే 1.2 కిలోలు. లారీకి పరిమితి కిలోమీటరుకు ఇవ్వరు, ఇంజిన్ చేసిన పనికి, అంటే కిలోవాట్ అవర్‌కు ఇస్తారు. బీఎస్-4 లారీకి నాక్స్ 3.5 గ్రాములు. దాన్ని కిలోమీటరుకు మార్చాలంటే మైలేజీ తెలియాలి. లీటరు డీజిల్ బరువు 830 గ్రాములు అటూఇటూ. పెద్ద డీజిల్ ఇంజిన్ ఒక కిలోవాట్ అవర్‌కు 200 గ్రాములకు కాస్త పైన తాగుతుంది. అంటే లీటరుకు సుమారు 4 కిలోవాట్ అవర్లు. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ అయితే కిలోమీటరుకు ఒకటి. కాబట్టి 1,000 కిలోమీటర్లకు 3.5 కిలోల నాక్స్. ఐదు వందల లారీలవి పది వేల బైకులకు దాదాపు మూడింతలు.

ఇప్పుడు కార్బన్ మోనాక్సైడ్ చూడు. బైకు పరిమితి కిలోమీటరుకు 1 గ్రాము, మొత్తం 20 కిలోలు. లారీకి కిలోవాట్ అవర్‌కు 1.5 గ్రాములు, మొత్తం కిలోన్నర. వరుస తిరగబడింది. "ఏ బండి ఎక్కువ పొగ వదులుతుంది" అని అడిగేవాళ్లను ముందు "ఏ పొగ?" అని అడగాలి.

తాడిపత్రి లారీ

లీటరుకు 4 ఇచ్చేది ఖాళీ బండి మేడం. బండలు ఎత్తినాక 3 వస్తే దేవుడి దయ.

నల్లరేగడి

అప్పుడు కిలోమీటరుకు 1.33 కిలోవాట్ అవర్లు, నాక్స్ 4.7 గ్రాములు దాకా వస్తుంది. లోడు ఉన్న బండి, ఖాళీ బండి వేరు చేసి రాయడం అందుకే మంచిది. క్లాక్‌టవర్, టైర్లు ఎంత అణిగాయో చూస్తే తెలిసిపోతుంది, టార్పాలిన్ చూసి మోసపోకు.

పాతపంపు (కర్నూలు)

నేను డీజిల్ పంపు మెకానిక్‌ని. అక్క చెప్పిన 3.5 కాగితం మీది. రోడ్డు మీద వేరే కథ.

బీఎస్-4 పెద్ద లారీల్లో చాలావాటికి ఎస్‌సీఆర్ ఉంటుంది, సైలెన్సర్ దగ్గర యూరియా నీళ్లు చిమ్మి నాక్స్ తగ్గించేది. సైలెన్సర్ పొగ దాదాపు 200 డిగ్రీలు దాటి వేడెక్కితేనే అది సరిగ్గా పని చేస్తుంది. హైవేలో లోడుతో పోయే బండికి ఆ వేడి ఉంటుంది. టౌన్‌లో ఫస్టు గేరు, సెకండు గేరు, ఆగడం, మళ్లీ కదలడం... ఆ వేడి రాదు. అంటే జనం ఎక్కువ ఉన్నచోటే ఆ సామాను తక్కువ పని చేస్తుంది.

ఇంకోటి. యూరియా అయిపోతే బండి పవర్ తగ్గించేస్తుందని ఏదో ఎలక్ట్రానిక్ పెట్టె తగిలించి దాన్ని మాయ చేసే వాళ్లున్నారు. అలాంటి బండికి కంపెనీ పరిమితి అంకె వేస్తే ఏం లాభం?

తాడిపత్రి లారీ

అందరూ అట్ల చేయరు సామీ. యూరియా ఖర్చు, డీజిల్ ఖర్చు, టోల్, పోలీసు, కిరాయి మాత్రం ఎన్నేళ్ల కిందటిదే. సెన్సర్ పోతే మార్చడానికి ఎంతవుతుందో నీకు తెలీదా? బండి నిలబెట్టుకొని కిస్తీ ఎట్ల కట్టేది?

పాతపంపు

నేను తప్పు ఎవరిదని చెప్పలేదన్నా. లెక్క కట్టేవాడికి తెలియాలని చెప్పినా అంతే.

క్లాక్‌టవర్

మరి పొల్యూషన్ సర్టిఫికెట్ రీడింగులు వాడొచ్చా? ఊరి బండ్లవే కాబట్టి ఏఆర్‌ఏఐ అంకెల కంటే మనకు దగ్గరగా ఉంటాయని అనిపిస్తోంది. ఒక పొల్యూషన్ వ్యాన్ ఆయన పాత రీడింగులు ఇస్తానన్నాడు.

గుత్తికోట (గుత్తి)

ఆ వ్యాన్ నడిపే వాడినే నేను, నీకు మాటిచ్చిన వాడిని కాదులే. పెట్రోల్ బండికి మేం చూసేది నిలబెట్టి ఐడ్లింగ్‌లో పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతం, హైడ్రోకార్బన్లు ఎన్ని పీపీఎం అని. డీజిల్‌కు న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కించి పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తాం, ఆ చిక్కదనం అంకె బీఎస్-4కు 1.62, బీఎస్-6కు 0.7 లోపల ఉండాలి. నాక్స్ మా మిషన్ కొలవదు.

శాతం తెలుస్తుంది కానీ మొత్తం ఎంత పొగ బయటికి వచ్చిందో తెలీదు. బండి మీద బరువు లేదు, గాలి ఎదురు లేదు, కదలనే లేదు. దాన్ని కిలోమీటరుకు గ్రాములుగా మార్చే దారి లేదు. ఏ బండి మరీ పాడైందో పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది. ఇంక కొన్నిచోట్ల బండి రాకుండానే సర్టిఫికెట్ వస్తుందని అందరికీ తెలిసిందే, ఆ రీడింగులు కూడా నీ చేతికి వస్తాయి, జాగ్రత్త.

నల్లరేగడి

బాగా చెప్పారు. ఫ్యాక్టర్ల గురించి కూడా ఒక మాట. ఏఆర్‌ఏఐ వాళ్లవి ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు, పుణె, కాన్పూర్ ఆరు నగరాల అధ్యయనం కోసం మన బండ్లను చాసిస్ డైనమోమీటర్ (బండి కదలకుండా చక్రాలు తిరిగే రోలర్లు) మీద పరుగెత్తించి కట్టినవి. అది దాదాపు 2007 నాటి పని. బీఎస్-4 దేశమంతా వచ్చింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 2020 ఏప్రిల్‌లో. కాబట్టి పాత బండ్లకు వాటిని వాడు, కొత్తవాటికి వేరే దారి చూసుకో. యూరప్ వాళ్ల పొగ అంచనా మోడల్ కోపర్ట్‌లో యూరో-4, యూరో-6 ఫ్యాక్టర్లు దొరుకుతాయి, మన ప్రమాణాలు వాటి దారిలోనే నడిచాయి. ఐవీఈ అనే మోడల్‌ను మనలాంటి దేశాల కోసమే చేశారు, 2003లో పుణెలో దానితో సర్వే జరిగింది. అమెరికా మోడల్ మూవ్స్ మాత్రం వద్దు, అక్కడి బండ్లకు షేర్ ఆటోకు పోలికే లేదు.

కోపర్ట్ వాడేటప్పుడు రెండు చోట్ల చూసుకో. కోల్డ్ స్టార్ట్ అని ఒక అదనపు లెక్క ఉంటుంది, చలిదేశంలో పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్, క్యాటలిస్ట్ వేడెక్కేదాకా ఎక్కువ పొగ వస్తుంది కాబట్టి. మన మే నెలకు అది చాలా తగ్గుతుంది. దానికి బదులు ఆవిరి లెక్క పెరుగుతుంది. 42 డిగ్రీల ఎండలో బస్టాండు పక్క స్టాండులో పొద్దంతా నిలబెట్టిన బైకుల ట్యాంకుల్లోంచి పెట్రోలు ఆవిరై పోతూనే ఉంటుంది, ఒక్క కిలోమీటరు తిరగకపోయినా. ఉష్ణోగ్రత దగ్గర మోడల్‌లో ముందే ఉన్న అంకె వదిలేస్తే యూరప్ ఊరి లెక్క వస్తుంది నీకు.

వేగం కూడా. మరీ నెమ్మదిగా పోయినా, మరీ గట్టిగా పోయినా కిలోమీటరుకు పొగ పెరుగుతుంది, మధ్యలో తక్కువ. బైకు మీద మొబైల్ జీపీఎస్ పెట్టుకొని ట్రాఫిక్‌తో పాటే పోయి వేగం రాసుకో. సప్తగిరి సర్కిల్ దగ్గర సాయంత్రం ఎంత వస్తుందో చూడు.

ఏడురోడ్లు

ఇంత తిప్పలెందుకు? పెట్రోలు బంకుల్లో నెలకు ఎంత అమ్ముడైందో అడిగి దాన్నుంచి కట్టొచ్చు కదా. కాలింది ఎంతో పొగ అంత.

నల్లరేగడి

కొన్నింటికి అది చక్కటి దారి. లీటరు డీజిల్ కాలిస్తే 2.7 కిలోల దాకా, పెట్రోలుకు 2.3 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఏ ఇంజిన్ అయినా ఒకటే. సల్ఫర్ డయాక్సైడ్ కూడా అంతే. బీఎస్-6 ఇంధనంలో సల్ఫర్ 10 పీపీఎం, బీఎస్-4లో 50. లోపల ఉన్నదే బయటికి వస్తుంది. నాక్స్, మోనాక్సైడ్, మసి అలా రావు, అవి ఎలా కాలిందన్న దాని మీద ఉంటాయి. అదే డీజిల్ పాత లారీలో ఒకలా, కొత్త లారీలో ఒకలా.

తాడిపత్రి లారీ

బంకు లెక్క అంటే నవ్వొస్తుంది. కర్ణాటకలో డీజిల్ మనకంటే తక్కువ. బళ్లారి వైపు, బాగేపల్లి వైపు పోయే ఏ బండి అయినా అక్కడే ట్యాంకు నింపుకొని వస్తుంది. సరిహద్దు పల్లెల్లో బైకు వాళ్లు కూడా అక్కడికే పోతారు. డీజిల్ కాలేది అనంతపురంలో, అమ్మకం కర్ణాటకలో. పైగా ఇక్కడ అమ్మిన దాంట్లో ట్రాక్టర్లది, బోరు బండ్లది, జనరేటర్లది ఎంతో ఎవరు చెప్తారు?

నల్లరేగడి

అందుకే దాన్ని అసలు లెక్కగా కాకుండా పరీక్షగా వాడమంటాను. రోడ్డు లెక్కతో వచ్చిన కిలోమీటర్లను మైలేజీతో భాగించి పెట్రోలు ఎంత కావాలో చూడు. టౌన్ బంకుల అమ్మకంతో పోల్చు. పెట్రోలు కాస్త దగ్గరగా రావాలి, ఎందుకంటే దాదాపు అంతా బైకులు, కార్లకే పోతుంది. రెట్టింపు తేడా వస్తే బైకుల దగ్గర ఏదో తప్పింది. డీజిల్ తేడాకు లారీ అన్న చెప్పిన కారణాలు చాలు.

బంకు దగ్గర ఇంకో పని కూడా అవుతుంది. పోయించుకునే వాళ్లను ఏ సంవత్సరం బండి, నెలకు ఎంత పోయిస్తారు అని అడుగు. చాలా బైకులకు మీటరు పని చేయదు కాబట్టి కిలోమీటర్లు అడిగితే లాభం లేదు. ఒక చిక్కుంది. ఎక్కువ తిరిగే బండి బంకుకు ఎక్కువసార్లు వస్తుంది, నీకు ఎదురుపడేది కూడా అదే ఎక్కువ. రోడ్డు మీద పోయే బండ్లలో బీఎస్-4 ఎంత, 6 ఎంత అని తేల్చడానికి ఇది మంచిదే, ఎందుకంటే కిలోమీటర్లు పడేది వాటి మీదే. "ఊళ్లో సగటు బైకు నెలకు ఇన్ని కిలోమీటర్లు తిరుగుతుంది" అని మాత్రం ఆ సర్వేతో రాయకు.

పాతపంపు

అక్కా, పీఎం 10 అడిగాడు కదా తమ్ముడు. మన దిక్కు సైలెన్సర్ కంటే రోడ్డే ఎక్కువ పొగ పెడుతుంది. కర్నూల్లో బళ్లారి చౌరస్తా దగ్గర గంటసేపు నిలబడితే చొక్కా రంగు మారుతుంది, అది డీజిల్ మసి కాదు, మట్టి.

నల్లరేగడి

అవును, అక్కడికే వస్తున్నా. రోడ్డు దుమ్ముకు అమెరికా పర్యావరణ సంస్థ ఏపీ-42 అనే ఎమిషన్ ఫ్యాక్టర్ల పుస్తకంలో (మన నంబరు ప్లేటు కాదు) ఒక సమీకరణం ఉంది, మన దేశంలోనూ దాన్నే వాడతారు. కిలోమీటరుకు ఎన్ని గ్రాముల పీఎం 10 లేస్తుందో తెలియాలంటే 0.62ను, చదరపు మీటరు రోడ్డు మీద ఉన్న సన్న మట్టి గ్రాముల 0.91 ఘాతంతో, బండ్ల సగటు బరువు టన్నుల 1.02 ఘాతంతో గుణించాలి. మట్టి 1 గ్రాము, సగటు బరువు 3 టన్నులు అనుకుంటే కిలోమీటరుకు 1.9 గ్రాములు. బీఎస్-6 డీజిల్ కారు సైలెన్సర్ నుంచి వచ్చే మసి పరిమితి 4.5 మిల్లీగ్రాములు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడు.

బరువు దగ్గర చాలామంది జారతారు. లారీకి ఒకసారి, బైకుకు ఒకసారి విడిగా వేసి కూడకూడదు. ఆ సమీకరణం రోడ్డు మీది మొత్తం బండ్ల సగటు బరువుకు కట్టినది. సన్న మట్టి అంటే 75 మైక్రాన్ల జల్లెడ దిగినది. రోడ్డు మీద కొలిచిన చోటు వాక్యూమ్‌తో ఊడ్చి, జల్లెడ పట్టి, తూచాలి. ఢిల్లీ అంకె తెచ్చి పెట్టొద్దు. బండల లారీలు పోయే తాడిపత్రి రోడ్డు వేరు, కలెక్టరేట్ ముందు రోడ్డు వేరు. వాన రోజులకు కొంత తగ్గించే సవరణ కూడా ఉంది. అనంతపురానికి దాని వల్ల పెద్దగా తగ్గదు, ఆ వానలెన్నో మనకు తెలుసు.

గుత్తికోట

అంటే ఎలక్ట్రిక్ ఆటోలు వచ్చినా దుమ్ము పోదు.

నల్లరేగడి

సైలెన్సర్ పొగ పోతుంది, దుమ్ము ఉంటుంది. బ్యాటరీ బరువుకు సగటు కాస్త పెరుగుతుంది కూడా. రోడ్డు అంచుల దాకా తారు లేకపోతే, ఇసుక ట్రాక్టర్లు కప్పకుండా పోతే, ఏ బండి తెచ్చినా పీఎం 10 పెద్దగా కదలదు.

ఏడురోడ్లు

ఇదంతా కట్టాక అది పీఎం 10 గాల్లో ఎంత ఉందో చెప్తుందా? రోజు సగటు 100 మైక్రోగ్రాముల లోపల ఉండాలని పేపర్లో చదివాను.

నల్లరేగడి

చెప్పదు. ఇది రోజుకు ఎన్ని కిలోలు వదులుతున్నామో చెప్పే లెక్క. గాల్లో ఎంత ఉంటుందన్నది గాలి వేగం, చలికాలం రాత్రి గాలి నేల దగ్గరే ఆగడం, పక్క క్వారీ, చెత్త మంటలు, అన్నిటి మీదా ఉంటుంది. దానికి డిస్పర్షన్ మోడల్ (పొగ గాల్లో ఎలా చెదురుతుందో లెక్కగట్టేది) వేరే నడపాలి, ఈ లెక్క దానికి మేత.

క్లాక్‌టవర్

అందరికీ చాలా థాంక్స్. అయితే ఇలా చేస్తాను: వాహన్ సంఖ్యలు పక్కన పెడతాను. బైపాస్ విడి, టౌన్ విడి. టౌన్‌లో క్లాక్ టవర్, సప్తగిరి సర్కిల్, తాడిపత్రి రోడ్డు మూడుచోట్ల మేడ మీద మొబైల్ పెట్టి వీడియో తీసి, తర్వాత కూర్చుని రకాల వారీగా లెక్కపెడతాను. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తీస్తే చాలా?

తాడిపత్రి లారీ

చాలదు తమ్ముడూ. పగలు టౌన్‌లోకి పెద్ద బండ్లను రానివ్వరు. సిమెంటు, బియ్యం, ఇసుక, అంతా రాత్రి పదికి మొదలై తెల్లారేలోగా దిగిపోవాల్సిందే. 12 గంటలు తీసి రెట్టింపు చేస్తే బైకులు రెట్టింపు అయితాయి, లారీలు మాయమైతాయి.

నల్లరేగడి

24 గంటలూ తియ్యి. మామూలు రోజు ఒకటి, ఆదివారం ఒకటి. పండుగ ముందు వారం వద్దు. ట్రాక్టరు, ట్రాలీతో ఉన్న ట్రాక్టరు రెండు వేరే గడులు పెట్టు. షేర్ ఆటోలో డీజిల్, గ్యాస్ వేరు చెయ్యి, వీడియోలో తెలియదు, స్టాండులో అడగాలి.

పాతపంపు

డీజిల్ ఆటో శబ్దం వింటే తెలుస్తుంది. వీడియో మ్యూట్ చేసి చూడొద్దు.

క్లాక్‌టవర్

సరే అన్నా. తాడిపత్రి రోడ్డు మీద రాత్రి పూట మేడ ఇచ్చే వాళ్లు ఎవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి, కరెంటు ప్లగ్గు ఒకటి ఉంటే చాలు.